మొదటి బస్సు ఎన్నింటికి?

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖపట్నం గురించి మీ పత్రికలో ఈ మధ్య రోజుకో పెద్ద వార్త వస్తోంది. గూగుల్ వాళ్ళు అయిదేళ్ళలో 15 బిలియన్ డాలర్లు పెడతామన్నారు. రుషికొండ దగ్గర టీసీఎస్‌కి 21 ఎకరాల పైచిలుకు 99 పైసలకు ఇచ్చారు. 46 కిలోమీటర్ల మెట్రో, 42 స్టేషన్లు అంటున్నారు. రానివ్వండి, మంచిదే. మా ఇంట్లోనూ ఇంజనీరింగు చదివే మనవడు ఉన్నాడు. నేను అడగబోయేది వీటి పక్కన పెడితే కంటికి ఆనని సంగతి. పొద్దున్న అయిదు గంటలకల్లా పనిలో ఉండాల్సిన మనిషికి ఈ ఊళ్ళో మొదటి బస్సు ఎన్నింటికి? రాత్రి పదింపావుకి కొట్టు మూసి బయటపడ్డ ఆడపిల్లకి ఆఖరి బస్సు ఎన్నింటికి?

నేను సిటీ బస్సు కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. 1985లో టికెట్ల సంచి భుజాన వేసుకున్నాను. దించేనాటికి టికెట్ల కట్టలు పోయి టికెట్టు కొట్టే టిమ్ము మెషీన్లు వచ్చేశాయి. ఉండేది కంచరపాలెం. మా నాన్న విజయనగరం అవతల ఊరొదిలి వచ్చి పోర్టులో డాక్ లేబర్ బోర్డు కూలీగా బతికాడు. ఈ ఊళ్ళో ఎవరు ఏ తరగతివాళ్ళో తెలుసుకోవాలంటే చదువుకున్నవాళ్ళు జీతం చూస్తారు, ఫ్లాటు ఎన్ని అడుగులో చూస్తారు. మాకు అవేవీ అక్కర్లేదు. మనిషి ఎన్నింటి బండి ఎక్కాడో చూస్తే చాలు.

నాలుగున్నర బండి ఎక్కేది కార్పొరేషన్ చీపుళ్ళవాళ్ళు. వాళ్ళతోపాటు టిఫిన్ హోటళ్ళలో పిండి రుబ్బేవాళ్ళు, పూర్ణా మార్కెట్‌కి పూల కోసం వెళ్ళేవాళ్ళు, ఖాళీ గంపలతో ఫిషింగ్ హార్బర్‌కి పోయే జాలరి ఆడవాళ్ళు. ఈ బండిలో సీటు కోసం తగువు ఉండదు. కూర్చోగానే నిద్రపోతారు, స్టేజి వచ్చిందని నేనే లేపాలి. అయిదుంపావుకి ‘ఎ’ షిఫ్టు వాళ్ళు, చేతిలో స్టీలు క్యారేజీలు. ఆరున్నరకి తాపీ పనివాళ్ళు, అడ్డాకి వెళ్ళే కూలీలు. పలుగూ పారా సీట్ల కింద తోసేసి ‘పర్లేదులే బావూ, ఎవరికీ తగల్దు’ అని నాకే ధైర్యం చెప్పేవారు. ఏడున్నర నుంచి కాలేజీ పిల్లలు, ఇక ఫుట్‌బోర్డు కనపడదు. తొమ్మిదికి ఆఫీసులవాళ్ళు. పదిన్నరకి జగదాంబ వైపు చీరల బేరానికి వెళ్ళే ఇల్లాళ్ళు, పింఛను పనిమీద బ్యాంకుకి బయల్దేరిన పెద్దవాళ్ళు. ఒకే సీటు తెల్లారగట్ల నుంచి పదిన్నర దాకా ఎవరెవరిని మోసిందో రాసుకుంటే విశాఖపట్నం జనాభా లెక్క అందులోనే ఉంటుంది.

చిల్లర సంగతి కూడా చెప్పాలి. తెల్లారి బండిలో నాకెప్పుడూ చిల్లర గొడవ రాలేదు. కొంగు ముడి విప్పి టికెట్టు ఎంతో అంతే, రూపాయి బిళ్ళలతో సహా లెక్కపెట్టి చేతిలో పెట్టేవారు. ఇంటి దగ్గరే లెక్క చూసుకుని వచ్చినవాళ్ళు. తొమ్మిదింటి బండిలో అందరి దగ్గరా వంద నోట్లే. ‘చిల్లర లేకపోతే మీరెందుకయ్యా కండక్టర్లు’ అన్నది కూడా తొమ్మిదింటి బండివాళ్ళే.

మేము ఉద్యోగంలో చేరిన కొత్తలో బస్సుల టైములు డిపోలో కాగితం మీద వేసేవారు గానీ, నిజానికి వాటిని వేసింది కార్ఖానాల సైరన్లు. పోర్టు 1933లో తెరిచారు. 1941లో సింధియా కంపెనీ ఓడల కార్ఖానాకి పునాది వేసింది. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది. ఇవన్నీ తర్వాత చేతులు మారాయి, బోర్డులు మారాయి, స్టేజి పేరు మాత్రం ఇప్పటికీ సింధియానే. మల్కాపురం, శ్రీహరిపురం రూట్లో బండి అయిదు నిమిషాలు లేటయితే మమ్మల్ని తిట్టడానికి అధికారి రానక్కర్లేదు, షిఫ్టుకి వెళ్ళే నలభై మంది చాలు. పొద్దున్న ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. ఈ మూడు అంకెల చుట్టూ సగం ఊరు లేచేది, తినేది, పడుకునేది. రాత్రి పది షిఫ్టు దిగినవాళ్ళని ఇళ్ళకి చేర్చాకే మా బండి డిపో మొహం చూసేది.

స్టీలు ప్లాంటుతో ఊరు దక్షిణానికి సాగింది. 1966లో ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని అడిగినవాళ్ళు కొందరు కాల్పుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. ప్లాంటు జాతికి అంకితమైంది 1992లో. మధ్యలో ప్లాంటు కోసం భూములు తీసుకున్న ఊళ్ళన్నీ ఖాళీ అయ్యాయి. అగనంపూడి, పెదగంట్యాడ కాలనీల్లో ఎక్కేవాళ్ళు కొందరు పాసు తియ్యమంటే ముందు ఆర్-కార్డు తీసేవారు. ప్లాస్టిక్ కవర్లో, మడతలు చిరక్కుండా దాచుకున్న కార్డు. మీ భూమి తీసుకున్నాం, ఇంటికో ఉద్యోగం చూస్తాం అన్నదానికి రుజువు. ఉద్యోగం వచ్చినవాడు కంపెనీ బస్సెక్కాడు. రానివాడు అదే గేటు లోపలికి కాంట్రాక్టు కూలీగా వెళ్ళడానికి నా బస్సెక్కాడు. ఒకే ఊరు వాళ్ళు, కొన్ని ఇళ్ళలో ఒకే తల్లి పిల్లలు. ఒకరి బస్సుకి కిటికీలు పూర్తిగా ఉండేవి.

ఆ రోజుల్లో బస్సులో అందరూ సమానంగా ఉండేవారని మాత్రం నేను రాయను. చేపల గంపల తగువు అనుభవించినవాణ్ణి. హార్బరు నుంచి గంపలు నింపుకుని సీతమ్మధార, ఎంవీపీ కాలనీ వీధుల్లో అమ్మడానికి ఆడవాళ్ళు ఎక్కితే, ఇస్త్రీ చొక్కాల పెద్దమనుషులు ముక్కు మూసుకుని ‘దింపెయ్యండి వీళ్ళని’ అనేవారు. రూలు ప్రకారం లగేజీ టికెట్టు కొట్టి ఎక్కించవచ్చా కూడదా అన్నది కండక్టరు దయ. నేను వెనక మెట్టు దగ్గర గంపలు పెట్టించి వాళ్ళని ఆనుకుని నిలబడమనేవాణ్ణి. ఒకసారి ఒకాయన మరీ గట్టిగా అరిచాడు. గంప పట్టుకున్న అప్ప అతన్ని పైకీ కిందకీ చూసి, ‘తినీటప్పుడు నేని కంపు బస్సెక్కితే వొచ్చిందేటి బావూ?’ అంది. బండంతా నవ్వింది. అతనూ నవ్వేశాడు, నాకు అదే ఆశ్చర్యం. తర్వాతి స్టేజిలో దిగుతూ ఆ గంపలో ఏ చేపలున్నాయో అడిగాడు కూడా.

నేను చెప్పదలచింది సమానత్వం గురించి కాదు. పోర్టు గుమాస్తా, కళాసీ, లెక్చరరు, చేపల అప్ప ఒకరి మాట ఒకరికి వినపడేంత దగ్గరలో అరగంట గడిపేవారు. బండి రాకపోతే అందరికీ రాలేదు. గుమాస్తాగారు డిపో మేనేజరుకి ఉత్తరం రాస్తే దానివల్ల కళాసీకి కూడా బండి వచ్చేది. ఉత్తరం రాయగలిగినవాళ్ళు బస్సులో ఉన్నంతకాలం బస్సు టైముకి వచ్చింది.

వాళ్ళు ఒక్కొక్కరే దిగిపోయారు. ముందు స్కూటర్లు కొన్నారు, తర్వాత కార్లు. కంపెనీలు పర్మినెంటు స్టాఫుకి ఏసీ బస్సులు పెట్టాయి. రుషికొండ ఐటీ పిల్లలకి క్యాబులు. పరవాడ ఫార్మా సిటీలో, అచ్యుతాపురం సెజ్‌లో ఆఫీసరు కంపెనీ బస్సులో వెళ్తాడు. అతని కింద డ్రమ్ములు దొర్లించే హెల్పరు కూర్మన్నపాలెం జంక్షన్లోనో లంకెలపాలెంలోనో షేర్ ఆటో వెనక కడ్డీ పట్టుకుని వేలాడతాడు. ఇద్దరూ ఒకే టైముకి బయల్దేరి ఒకే గేటు దగ్గర దిగుతారు. అదే ఆటోని కంపెనీ బస్సు దాటుకుని వెళ్ళేటప్పుడు లోపలివాళ్ళు ఫోన్లు చూసుకుంటూ ఉంటారు. వాళ్ళ తప్పేమీ లేదు, వాళ్ళూ డ్యూటీకే వెళ్తున్నారు. కానీ రోడ్డు మీద నిలబడ్డ మనిషి అవస్థ తెలిసినవాడు, చెబితే వినిపించుకునే హోదా ఉన్నవాడు ఇప్పుడు వేర్వేరు మనుషులైపోయారు.

ఇక ఇళ్ళ సంగతి. ఊరి నడిబొడ్డున గెడ్డల పక్కన, కొండవాలుల్లో గుడిసెలు వేసుకున్నవాళ్ళు పని ఉన్నచోటికి నడిచి వెళ్ళేవారు. బీచ్ రోడ్డు అపార్టుమెంటులో అంట్లు తోమే మనిషి దాని వెనక వీధి బస్తీలోనే ఉండేది. ఆ బస్తీలు తీసి పక్కా ఇళ్ళు కట్టిచ్చారు. మంచి పనే. సిమెంటు గోడలు, ఇంట్లోనే కక్కూసు, పేరు మీద కాగితం. కాకపోతే అవి మధురవాడ అవతల, కొమ్మాది, మారికవలస వైపు. ఇల్లు అక్కడికి వెళ్ళింది, అంట్లు మాత్రం బీచ్ రోడ్డులోనే ఉన్నాయి. ఇల్లిచ్చే ఫైలు ఒక ఆఫీసులో, బస్సు ఫైలు ఇంకో ఆఫీసులో ఉంటాయి కాబట్టి ఆ మధ్య దూరం ఎవరి లెక్కలోకీ రాదు. ఆ దూరం పనిమనిషి లెక్కలోకి వస్తుంది.

మా చెల్లెలి కోడలు అలాంటి ఒక కాలనీలోనే ఉంటుంది. కాలనీ పేరు రాయను, అలాంటివి ఒకటి కాదు. ద్వారకానగర్ వైపు ఒక పెద్ద చీరల షాపులో సేల్స్‌గర్ల్. పొద్దున్న పదింటికి వెళ్ళాలి, అది ఇబ్బంది లేదు. రాత్రి తొమ్మిదిన్నరకి షట్టరు సగం దించుతారు. అప్పుడు మొదలవుతుంది అసలు పని, కస్టమర్లు విప్పి పడేసిన చీరలన్నీ మడతపెట్టి ర్యాకుల్లో సర్దాలి. బయటికొచ్చేసరికి పదింపావు. హైవే దాకా బండి దొరికితే దొరికినట్టు, అక్కడి నుంచి కాలనీ లోపలికి ఆ వేళప్పుడు బస్సు రాదు. ఆటోవాడు ఒక్క మనిషికి రానంటాడు, నలుగురయ్యేదాకా ఆపుతాడు. లేదా వంద అడుగుతాడు. మా మేనల్లుడు బండేసుకుని వెళ్ళి తెచ్చుకుంటాడు, కానీ అతనికి రాత్రి సెక్యూరిటీ డ్యూటీ పడిన వారం ఆ పిల్ల షాపు మానేస్తుంది. మానేసిన రోజు జీతం కోత. ‘మావయ్యా, పగలంతా నిలబడే ఉంటాను, బస్సులోనైనా కూచోనిస్తే బాగుండు అనుకుంటాను. ఇక్కడ బస్సే నేదు’ అని నవ్వుతుంది. షాపుల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే హక్కు ఇస్తూ కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టాలు సవరించాయి. మన దగ్గర చీరలు చూపించే పిల్లకి స్టూలు వేయించడం సంగతి మీ పత్రిక ఎప్పుడైనా విడిగా రాయాలి.

ఆ కోడలి తల్లిది ఇంకో కథ. మూడిళ్ళలో పాచిపని. మొదటి ఇంట్లో అమ్మాయిగారు ఆరింటికల్లా ఆఫీసు కాల్ అంటుంది కాబట్టి అయిదున్నరకి వంటిల్లు శుభ్రంగా ఉండాలి. నాలుగున్నరకి కాలనీ నుంచి ఆటో, ఇరవై. మెయిన్ రోడ్డు మీద ఇంకో ఆటో, ఇంకో ఇరవై. అపార్టుమెంటుకి చేరాక లిఫ్టు మాత్రం పనివాళ్ళకి కాదని గోడకి కాగితం అంటించారు. అయిదో అంతస్తు. మోకాళ్ళ నెప్పులు. అదే లిఫ్టులో ఆ ఇంటి కుక్క దిగి వస్తుంటే మెట్ల మీద ఎదురవుతుందట. ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడకేమీ కోపం లేదు, నాకే వచ్చింది.

ఆడవాళ్ళకి ఉచిత బస్సు వచ్చింది కదా అంటారు. వచ్చింది, 2025 ఆగస్టు 15 నుంచి. స్త్రీశక్తి పథకాన్ని నేను మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను. రచ్చబండల దగ్గర కొందరు మగవాళ్ళు ‘ఊరికే తిరుగుతున్నారు’ అంటుంటే వాళ్ళతో వాదన పెట్టుకున్నాను కూడా. ఊరికే తిరిగేవాళ్ళని తెల్లారి బండిలో ఒక్కరినైనా చూపించమన్నాను. నెలకి వెయ్యి, పదిహేను వందలు ఆటోలకి పోసే మనిషికి ఆ డబ్బు చేతిలో మిగలడమంటే జీతం పెరిగినట్టే. కానీ జీరో టికెట్టు కొట్టాలంటే ముందు బస్సు ఉండాలి. నాలుగున్నరకి బండి లేని చోట ఆవిడకి ఆ పథకం ఇంటికెళ్ళేటప్పుడు మాత్రమే వర్తిస్తోంది. తొమ్మిదిన్నరకి బయల్దేరే వాళ్ళకి రెండు పూటలా ఉచితం, నాలుగున్నరకి బయల్దేరే వాళ్ళకి ఒక పూటే.

తెల్లారి బండిని ఎందుకు ఎత్తేస్తారో లోపలివాణ్ణి కాబట్టి నాకు తెలుసు. మీ పాఠకులకి ఇది కొంచెం ఓపికతో చెప్పాలి. బస్సు లెక్కల్లో ఓఆర్ అని ఒకటుంటుంది, ఆక్యుపెన్సీ రేషియో. ఉన్న సీట్లలో ఎన్ని సీట్ల డబ్బు వచ్చిందన్న కొలత. తెల్లారగట్ల ట్రిప్పు కాలనీ నుంచి ఊళ్ళోకి వచ్చేటప్పుడు సీట్లన్నీ నిండి ఇంకో అయిదారుగురు నిలబడతారు. తిరుగు ట్రిప్పులో నేనూ, డ్రైవరూ, ఎవరో నైట్ వాచ్‌మన్ ఒకాయన. ఊరంతా ఒకే దిక్కుకి పనికి వెళ్ళే వేళ మరి, ఎదురు ఎవరు వస్తారు? ట్రిప్పుల లెక్క రాసే ఎస్సార్ షీటులో రెండూ కలిపేసరికి సగం పైన కొంచెం. తొమ్మిదింటి ట్రిప్పుకి రెండువైపులా జనమే, అక్కడ అంకె దివ్యంగా ఉంటుంది. బస్సులు చాలక ఏదో ఒక ట్రిప్పు ఎత్తెయ్యాల్సి వస్తే ఏది ఎత్తేస్తారో మీరే చెప్పండి. అధికారి చెడ్డవాడు కానక్కర్లేదు. కాగితం మీద ఆ బండి సగం ఖాళీ.

ఆ కాగితం మీద రాని లెక్క ఇంకొకటి ఉంది. పొద్దున్న నాలుగున్నరకి నా బండి ఎక్కిన మనిషి పన్నెండింటికో రెండింటికో ఇంకో బండిలో తిరిగొచ్చేది. ఆ టికెట్టు ఆ బండి ఖాతాలో పడేది. తెల్లారి ట్రిప్పు తీసేశాక ఆవిడ ఆటో మాట్లాడుకుంది, కొడుకైతే నెలవాయిదాల మీద బండి కొన్నాడు. బండి కొన్నవాడు మధ్యాహ్నం మాత్రం బస్సెందుకు ఎక్కుతాడు? ఏడాది తిరిగేసరికి మధ్యాహ్నం ట్రిప్పు ఓఆర్ కూడా పడిపోతుంది, దాన్నీ తీసేస్తారు. మా సర్వీసులో ఇలా మొదలు కొట్టిన రూట్లు చివరికి కొమ్మలతో సహా ఎండిపోవడం చూశాను. బస్సులెవరూ ఎక్కడం లేదనే మాట ఆ తర్వాత వస్తుంది.

డబ్బు లేదన్న మాట నమ్మబుద్ధి కాదు. పెందుర్తి రోడ్డులో బస్సుల కోసమని మధ్యన విడిగా దారి కట్టి బీఆర్‌టీఎస్ అన్నారు. ఆ దారి ఎవరికి ఉపయోగపడుతోందో అటు వెళ్ళేవాళ్ళకి తెలుసు. 2023 ఆగస్టులో ఏయూ దగ్గర 40 లక్షలు పెట్టి కట్టిన మోడల్ బస్ షెల్టరు ప్రారంభమైన కొద్దిరోజులకే ఒరిగిపోయింది, మీ పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. ఆ 40 లక్షలతో ఎన్ని స్టేజీల్లో మామూలు రేకుల షెడ్డు, సిమెంటు బల్ల వచ్చేవో నా బోటివాడికి కూడా లెక్క తెలుస్తుంది. 2025లో బీచ్ రోడ్డులో డబుల్ డెక్కర్ పర్యాటక బస్సులు వచ్చాయి. ఆర్కే బీచ్ నుంచి తొట్లకొండ దాకా, టికెట్టు 500, అందులో సగం ప్రభుత్వమే భరిస్తుందన్నారు. మనవరాలితో ఎక్కాను. మేడ మీద కూర్చుంటే గాలి అద్భుతంగా ఉంది, ఆ పిల్ల దిగనని మారాం చేసింది. సముద్రం చూడ్డానికి వచ్చినవాడికి సగం టికెట్టు కట్టగలిగిన ప్రభుత్వం, ఆ సముద్రం ఒడ్డు ఊడ్చడానికి వచ్చేవాడి కోసం సగం ఖాళీ ట్రిప్పు ఒకటి భరించలేదా?

కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ 2009లోనే ఒక కొలత పెట్టింది. లక్ష జనాభాకి 60 బస్సులుంటే ఉత్తమం. 2011 జనాభా లెక్కల్లోనే మన నగరంలో 17 లక్షల పైన ఉన్నారు. అప్పటి జనానికే వెయ్యి దాటి బస్సులు కావాలి. ఇప్పుడు ఏ డిపోలో ఎన్ని ఉన్నాయో, అందులో పొద్దున్న అయిదులోపు రోడ్డెక్కేవి ఎన్నో అధికారులు మీ పత్రిక ద్వారా చెబితే బాగుంటుంది. మొత్తం సంఖ్య చెప్పి ఊరుకోవద్దు, అయిదులోపువి విడిగా చెప్పాలి.

నా మనవి కష్టమైనదేమీ కాదు. తెల్లవారు నాలుగున్నర నుంచి ఆరు దాకా, రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదకొండు దాకా నడిచే ట్రిప్పులకి ఓఆర్ చూడటం మానెయ్యండి. లేదా నిండిన దిక్కు మాత్రమే లెక్కలోకి తీసుకోండి. దూరపు కాలనీల్లో రాత్రి ఆఖరి బండిని అక్కడే ఆపి, పొద్దున్న మొదటి బండిగా అదే తీస్తే ఖాళీ తిరుగుడు రెండుసార్లు తప్పుతుంది. పల్లె రూట్లలో నైట్ అవుట్ అని మేము చేసిన పనే ఇది. అయితే సిబ్బందికి ఒక గది, ఫ్యాను, కక్కూసు ఉండాలి. మేము సీట్ల మీద దోమలకి ఒళ్ళప్పగించి పడుకున్నాం, ఈ కాలం పిల్లలు, అందులోనూ ఆడ కండక్టర్లు అలా పడుకోవాలనడం అన్యాయం. కాలనీల్లో కమ్యూనిటీ హాళ్ళు తాళాలేసి ఉన్నాయి, ఒక గది ఇస్తే సరిపోతుంది. పీఎం ఈ-బస్ సేవ కింద నగరానికి ఎలక్ట్రిక్ బస్సులు వస్తాయంటున్నారు. రాత్రి ఛార్జింగు పెట్టిన బండి తెల్లారేసరికి నిండుగా ఉంటుంది కదా, మొదటి ట్రిప్పు ఆ కొత్త బండ్లతోనే మొదలుపెట్టండి. కొత్త బస్సు ఎప్పుడూ ముందు బీచ్ రోడ్డులోనే ఎందుకు తిరగాలి?

పెద్ద షాపుల యజమానులకి, ఫార్మా, సెజ్ కంపెనీలకి కూడా ఒక మాట. మీ షట్టరు ఎన్నింటికి పడుతుందో, మీ కాంట్రాక్టు షిఫ్టు ఎన్నింటికి దిగుతుందో రవాణా అధికారులకి రాతపూర్వకంగా ఇవ్వండి. వెనకటికి సైరను ఊరంతా వినపడేది, ఎవరూ ఎవరికీ రాయనక్కర్లేకపోయింది. ఇప్పుడు షిఫ్టు మారేది ఫోన్లో మెసేజీతో, అది డిపోకి వినపడదు. కంపెనీ బస్సుల్లో ఖాళీ సీట్లుంటే కాంట్రాక్టు మనిషిని ఎక్కనివ్వడానికి ఏ చట్టం అడ్డొస్తుందో కూడా చెప్పండి.

ఉత్తరం పొడుగైపోయింది. మొత్తం వేయడానికి చోటు చాలకపోతే చేపల గంపల ముచ్చట తీసెయ్యండి, డబుల్ డెక్కర్ సంగతీ తీసెయ్యండి. ఓఆర్ లెక్క ఉన్న రెండు పేరాలు మాత్రం కత్తిరించకుండా వేయమని ప్రార్థన.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సిటీ బస్సు కండక్టరు,
కంచరపాలెం, విశాఖపట్నం